ఖాళీ బండి బరువు

పెద్దయ్యాక నన్ను మొట్టమొదట తూచింది లారీల కాంటా. ఆ రోజు మధ్యాహ్నం బండ్లేవీ లేవని, లారీలు ఎక్కే ఇనుప ప్లేటు మీద పడ్డ ఇసుక ఊడుద్దామని చీపురు పట్టుకుని ఎక్కాను. అప్పుడే వచ్చి ఆగిన ఇనుప చువ్వల లారీ డ్రైవరు బయటి బోర్డు మీద వెలిగిన ఎర్ర అంకెలు చూసి, తల బయటికి పెట్టాడు.

"అన్నా, గిది ఖాళీ బండి బరువా, లోడు బండి బరువా?"

బోర్డు మీద నూట పది ఉంది. మా కాంటా పదేసి కిలోల లెక్కన చూపిస్తుంది, అంతకు లోపలిది దానికి దుమ్ముతో సమానం. కాబట్టి అందులో ఒకటో రెండో దాని తప్పూ, మిగతాదంతా నా తప్పూ. "పొద్దున తిన్న పూరీలు ఇంక దిగలే తమ్మీ, లోడు బండే" అన్నాను. ఈ కథ నేనే దారిన పోయే ప్రతి డ్రైవరుకీ చెప్పి నవ్వించాను. ఇంకొకడు నవ్వే లోపల నేనే నవ్వేస్తే ఆ నవ్వు నా చేతిలో ఉంటుంది.

శంషాబాదు దాటి కొత్తూరు పోయే దారిలో మా ధర్మకాంట ఉంది. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని. లెక్కల సారు రోజూ బెంచీ ఎక్కించేవాడనీ, నా బరువుకు అది విరిగిందనీ, అందుకే నన్ను వెళ్ళగొట్టారనీ చెబుతుంటాను. నిజానికి అప్పుడు నేను ఈనెపుల్లలా ఉండేవాణ్ని. బాపుకి నడుం పడిపోయి బర్రెలను చూసేవాళ్ళు లేక మానేశాను. కానీ బెంచీ కథకే నవ్వుతారు, బాపు నడుముకు ఎవరు నవ్వుతారు?

కాంటా పని సులువే. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి తూస్తాం, లోడుతో వచ్చినప్పుడు ఇంకోసారి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది సరుకు. డ్రైవర్ల వేషాలన్నీ నాకు తెలుసు. ఖాళీ బండి తూచేటప్పుడు డ్రైవరూ క్లీనరూ దిగి నిలబడతారు, లోడు తూచేటప్పుడు ఇద్దరూ ఎక్కి కూర్చుంటారు. సీటు కింద మూడోవాడు ముడుచుకుని ఉన్న రోజులు కూడా ఉన్నాయి. ఇసుకకు నీళ్ళు కొట్టి తెస్తారు, ప్లేటు మీద ధార కారుతుంటుంది. అంకె ఏం చెప్పినా టైర్లు నిజం చెబుతాయి. టైరు పొట్ట ఎంత ఉబ్బిందో చూస్తే లోపల ఉన్నది ఇసుకో నీళ్ళో నాకు తెలిసిపోతుంది. తెలిసినా ఏమీ అనను. ఒక జోకు వేసి చీటీ చేతిలో పెడతాను. ప్లేటు మీద ఎంతుందో చెప్పడమే నా పని, అది ఎట్లా వచ్చిందో కొనేవాడు చూసుకుంటాడు. ఈ మాట ఇంట్లో కూడా గొప్పగా చెప్పుకునేవాణ్ని. నా భార్య అన్నం కలుపుకుంటూ వినేది.

ఆమె విమానాశ్రయం లోపల నేల తుడిచే పని చేసేది. ఊళ్ళో జోకర్ని నేనని అందరూ అనుకుంటారు గానీ మా ఇంట్లో అసలు ఆట ఆమెది. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ రోజు చూసిన ప్రయాణికులను చేసి చూపించేది. బ్యాగు బరువు ఎక్కువైందంటే మండు వేసవిలో మూడు స్వెట్టర్లు, వాటి మీద కోటు తొడుక్కుని, రెండు జేబుల్లో రెండు పచ్చడి సీసాలు పెట్టుకుని, చెమటలు కారుస్తూ బిగుసుకుని నడిచిన ఒకావిడను ఎన్నిసార్లు చేసి చూపించిందో. మధ్యలో ఇంటి మీదుగా విమానం దిగితే ఆ చప్పుడు పోయేదాకా అదే భంగిమలో బొమ్మలా ఆగేది. మా ఊళ్ళో అందరం మాటల మధ్యలో అట్లా ఆగుతాం. ఆమె ఆగితే మాత్రం ఇంకా నవ్వొచ్చేది.

ఆ మనిషికి అన్నం మింగుడు పడడం మానేసింది. గ్యాస్ అనుకున్నాం, ఏదో పడలేదనుకున్నాం. చివరికి పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే కడుపులో గడ్డ అన్నారు. కడుపు చాలా భాగం కోసి తీసేశారు. తర్వాత మందు ఎక్కించడం మొదలుపెట్టారు. పొద్దున పోయి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా ఆ సీసా చుక్క చుక్క దిగేది. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య ఆమె కరిగిపోయేది. జబ్బుకు ముందు యాభై మూడు కిలోల మనిషి, నలభై ఒకటికి వచ్చింది.

అప్పుడు డాక్టరు సూటిగా చెప్పాడు. మందు మోతాదు మనిషి బరువునూ బలాన్నీ చూసి ఇస్తారట. ఈ ఒంటికి ఇంకో విడత ఎక్కిస్తే గడ్డ కంటే ముందు మందే ఆమెను తీసుకుపోతుందట. నలభై మూడుకు వస్తే ఎక్కిద్దాం, రాకపోతే ఆపేద్దాం అన్నాడు. ఆపేస్తే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఏం తినాలో చెప్పే గదికి పంపారు. అక్కడ కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది. నా భార్యను తూచి, నా వైపు కూడా చూసింది.

"మీరూ ఎక్కండి అంకుల్. ఆంటీ గారిని చూసుకోవాల్సింది మీరే కదా."

నూట ఏడు. మోకాళ్ళు నొస్తున్నాయా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, బీపీ ఉందా అని అడిగింది. అన్నిటికీ తల ఊపాను. అప్పుడు నన్ను జీవితంలో ఎవరూ అడగని మాట అడిగింది. మీరు ఎంత బరువు ఉండాలనుకుంటున్నారు అంది.

లారీ ఎంత మోయాలో దాని తలుపు మీదే రాసి ఉంటుంది. మనిషి ఒంటి మీద కూడా ఎక్కడో రాసి ఉంటుందనీ, చదువుకున్నవాళ్ళకు అది కనబడుతుందనీ నా నమ్మకం. అదే చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు, ఓపిగ్గా విడమర్చింది. ఎత్తును బట్టి ఇంత నుంచి ఇంత దాకా అని ఉంటుందే గానీ ఒక్క అంకె ఉండదట. అందులో ఎక్కడ ఆగాలన్నది మన వయసూ, ఎముకా, జబ్బులూ, ఏ బరువులో ఉన్నప్పుడు హాయిగా నడిచేవాళ్ళమో, ఎంతకు దిగితే మళ్ళీ పెరగకుండా నిలబెట్టుకోగలమో అన్నీ చూసుకుని అనుకోవాలట. దూరం అంకె తర్వాత, ముందు దగ్గరి అంకె పెట్టుకోండి అంది. అది కూడా మెల్లగా, ఆత్రపడకుండా.

"నేను చెప్తే గుమ్మం దాటేలోపు మర్చిపోతారు అంకుల్. మీరే చెప్పండి."

నాకు వచ్చిన లెక్క ఒకటే. ఆమె నలభై ఒకటి, నేను నూట ఏడు, మొత్తం నూట నలభై ఎనిమిది. ఇద్దరికి మా ఇంటి లోడు ఎక్కువా కాదు, తక్కువా కాదు, ఒక పక్కకు జరిగిందంతే. నావి పన్నెండు దించి అటు వేస్తే ఆమె యాభై మూడుకు వస్తుంది, నేను తొంభై అయిదుకు వస్తాను. నా అంకె తొంభై అయిదు అన్నాను. ఆ పిల్లకు ఇప్పుడు నవ్వొచ్చింది. మీ ఎత్తుకు ఇంకా తగ్గాలి గానీ మొదటి మజిలీగా బాగుంది అంది. ఆమెకు మాత్రం ముందు నలభై మూడు చాలు, మిగతాది తర్వాత చూద్దాం అంది.

నా భార్య కుర్చీలోంచి లేవకుండానే అందుకుంది.

"నీ కొవ్వు నాకెందుకయ్యా. నాది నేను పెంచుకుంట."

ఆ రోజు షాద్‌నగర్‌లో ఇంట్లో పెట్టుకునే చిన్న కాంటా కొన్నాం. అద్దం పలకలా ఉంటుంది. దాన్ని వంటింటి గుమ్మం పక్కన పెట్టాను. అంత చిన్న కాంటాను నా బతుకులో చూడలేదు. దానికి భయపడినంత పెద్ద కాంటాకు ఎన్నడూ భయపడలేదు.

రాగి జావ, నెయ్యి వేసిన పెసరపప్పు అన్నం, ఉడికిన గుడ్డు, మేక కాళ్ళ సూపు, ఒకటి పోతే ఒకటి చేసేవాణ్ని. కడుపు కొంచెమే మిగిలింది కాబట్టి కొంచెం కొంచెంగా, గంటకో రెండు గంటలకో పెట్టమన్నారు. నాలుగు ముద్దలు తిని చాలనేది. అయిదోది పెడితే కళ్ళు మూసుకునేది. ఆమె పుట్టిన ఇంట్లో కంచంలో అన్నం విడిచిపెట్టడం పెద్ద తప్పు. వాళ్ళమ్మ శంషాబాదు అంగట్లో కూరగాయలు అమ్మి పిల్లలను సాకిన మనిషి, ఒక్క మెతుకు కింద పడ్డా ఊరుకునేది కాదట. అందుకని మిగిలిన కంచం కనబడితే ఆమెకు ఏడుపొచ్చేది. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చేలోపు నేను ఆ మిగిలింది తినేసి ఖాళీ కంచం చూపించేవాణ్ని. "చూసినవా, ఇయ్యాల మొత్తం తిన్నవ్" అనేవాణ్ని. ఆమెకు తెలుసు, నాకు తెలుసు. అయినా ఖాళీ కంచం చూస్తే ఇద్దరికీ కొంచెం బాగుండేది.

నా జొన్న రొట్టెలు లెక్క ప్రకారం రెండే. దాని మీద ఆమె నెయ్యి అన్నం, ఆమె గుడ్డు, ఆమె సూపు. నేను నూట పదకొండుకు పోయాను. ఆమె నలభై ఒకటి దగ్గర ఆగి, తర్వాత దాని కిందికి జారింది. మేం అనుకున్న లోడు నిజంగానే జరగసాగింది, కానీ అటు నుంచి ఇటు.

పక్కింటి పెద్దమ్మ ఒకరోజు గోడ మీద నుంచి చూసి ఊరుకోలేకపోయింది. "ఏందిరా, ఆమె తిన్నది గూడ నీకే ఒంటవడుతున్నట్టుంది" అంది. నాకు అడ్డం జవాబులు కరువు కాదు. "ఏం జేస్తం పెద్దమ్మా, ఇద్దరికీ ఒకటే పొట్ట ఇచ్చిండు దేవుడు, అది నా దగ్గర పెట్టిండు" అన్నాను. ఆమె నవ్వుకుంటూ పోయింది. నేను ఇంటి వెనక్కి పోయి, నల్లా విప్పుకుని, చాలాసేపు మొహం కడుక్కున్నాను.

మళ్ళీ దవాఖానకు పోవాల్సిన రోజు వచ్చింది. ముందురోజు ఇంటి కాంటా మీద ఎక్కమంటే, రేపు అక్కడ ఎట్లాగూ తూస్తారు కదా అని ఎక్కలేదు. పొద్దున నేను లేచేసరికే తయారై కూర్చుంది. పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. కాళ్ళకు ఎప్పుడో పెట్టెలో దాచిన వెండి కడియాలు. దవాఖానకు పట్టుచీర ఏందే అంటే, పెద్ద డాక్టరు ముందుకు మంచిగ పోవద్దా అంది. బస్సులో దారి పొడవునా నీళ్ళు తాగుతూనే ఉంది. ఆమె నీళ్ళు తాగుతోందని నాకెంత సంతోషమో. గుక్కెడు నీళ్ళు నిలవని మనిషి సీసాలు ఖాళీ చేస్తోందంటే లోపల ఏదో బాగుపడిందనుకున్నాను.

కాంటా మీద నెమ్మదిగా, ఒక చెయ్యి నడుముకు ఆనించి ఎక్కింది. నలభై మూడు దాటి చూపించింది. నర్సు "వెరీ గుడ్ అమ్మా" అంది. నేను ఏదో జోకు వెయ్యడానికి నోరు తెరిచాను కూడా. ఏ జోకో ఇప్పుడు గుర్తులేదు. అప్పుడే ఆమె పైటను సర్దుకోవడానికి చెయ్యెత్తింది, గాజులు జరజరా మోచేతి దాకా జారిపోయాయి. పోయినసారి అవి మణికట్టుకు కొంచెం పైన ఆగేవి.

అంకె ఒకటి చెబుతోంది, టైరు ఇంకొకటి చెబుతోంది. ఆమె కాంటా దిగుతుంటే చీర కుచ్చిళ్ళ లోపల ఇనుము ఇనుముకు తగిలిన చిన్న చప్పుడైంది. ఆ చప్పుడు నాకు నిద్రలో వినిపించినా గుర్తుపడతాను.

మందు సీసా తెప్పించమని నర్సు ఎవరికో చెబుతోంది. నా భార్య నా వైపు చూడడం లేదు, కిటికీ వైపు చూస్తోంది. ఆ మొహంలో ఎన్నాళ్ళకో ఒక ధైర్యం ఉంది. ఇంకో విడత ఎక్కితే ఇంకొన్నాళ్ళు ఉంటానన్న ఆశ అది. గడ్డ కంటే ముందు మందే తీసుకుపోతుందన్న డాక్టరు మాట నా చెవిలో తిరుగుతోంది. నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆలోచిస్తే అననేమో.

"సిస్టరమ్మా, ఇంకొక్కసారి తూయండి. ఖాళీ బండి తూయండి."

నర్సుకు అర్థం కాలేదు. నా భార్యకు అర్థమైంది. గోడ వైపు తిరిగి, చీర లోపల నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, అందులోవి నర్సు బల్ల మీద పెట్టింది. తూకం వేసే ఇనుప బాట్లు, ఒకటేమో రెండు కిలోలది, ఇంకోటి కిలోది. వాళ్ళమ్మ కూరగాయలు తూచినవే. మా ఇంట్లో ఒకటి తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉండేది, ఇంకోటి పచ్చడి జాడీ మూత మీద ఉండేది. పొద్దున తలుపు గాలికి కొట్టుకుంటుంటే చూశాను. ఎందుకు కొట్టుకుంటోందో నాకు తట్టలేదు. కడియాలు కూడా తీసి పక్కన పెట్టింది. మళ్ళీ కాంటా ఎక్కింది. తాగిన నీళ్ళతో కలిపి కూడా నలభైకి ఇవతలే ఉంది.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఇక మందు వద్దన్నాడు. ఏది తినబుద్ధయితే అది పెట్టండి, పథ్యం ఏమీ లేదు, నొప్పికి మాత్రలు రాస్తాను అన్నాడు. మళ్ళీ ఎంత బరువుకు రమ్మంటారు సార్ అని అడిగాను. ఆయన అంకె చెప్పలేదు. ఇంట్లో రోజూ తూయడం మానెయ్యండి, ఆమెను ఇబ్బంది పెట్టకండి అన్నాడు. ఎంత పెద్దదైనా ఒక అంకె చెబితే దాన్ని పట్టుకుని వేలాడేవాణ్ని. నాకు ఆ రోజు అర్థమైంది, మనిషికి ఒక లక్ష్యం పెట్టుకొమ్మని చెబుతున్నారంటే ఇంకా ఆశ ఉన్నట్టు. అది కూడా అడగడం మానేశారంటే అంతే.

తిరుగు బస్సులో ఆ బాట్లు నా సంచిలో ఉన్నాయి. ఆమె నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఒకదాన్ని తలుపుకు అడ్డం పెట్టింది, ఒకదాన్ని జాడీ మీద పెట్టింది, పోయి పడుకుంది. ఆ తర్వాత కూడా అవసరమైన మాటలే. నీళ్ళియ్యి, దుప్పటి కప్పు, ఫ్యాను తగ్గించు. ప్రయాణికులను చేసి చూపించే మనిషి మా ఇంట్లోంచి వెళ్ళిపోయింది.

నేను బరువు తగ్గాను. ఏ పద్ధతీ పాటించలేదు. ఆమెకు వండడం తగ్గింది, మిగిలేది తగ్గింది, నాకు ఆకలి కూడా తగ్గింది. రొట్టె చేసుకుని సగంలో లేచిపోయేవాణ్ని. చొక్కాలు వదులయ్యాయి. డ్రైవర్లు "అన్నా, మస్తు సన్నవడ్డవ్, ఏం తింటున్నవ్?" అని మెచ్చుకునేవాళ్ళు. ఒకరోజు మంచం కిందికి తోసేసిన అద్దం కాంటా ఇల్లు ఊడుస్తుంటే చీపురుకు తగిలింది. బయటికి లాగి ఎక్కాను. తొంభై అయిదు. నేను అనుకున్న అంకె, నా నోటితో నేను చెప్పిన అంకె. మోకాళ్ళు కూడా అంతగా నొయ్యడం లేదు. లెక్క ప్రకారం దించాల్సింది దించాను. అది ఆమెకు ఎక్కలేదు. దారిలో ఎక్కడ పడిపోయిందో తెలియదు. దవాఖానలో ఆ పిల్లకు ఫోను చేసి చెబుదామనుకున్నాను. ఆంటీ గారు ఎలా ఉన్నారని అడుగుతుందని మానేశాను. కాంటాను మళ్ళీ మంచం కిందికే తోశాను.

మొన్న ఎండ తగ్గాక, ఇంట్లో ఊపిరాడట్లేదు, నేను గూడ కాంటా కాడికి వస్త అంది. ఎన్నాళ్ళకో తనంతట తను అడిగింది. మోటారు సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుంటే చిన్నపిల్లను కూర్చోబెట్టుకున్నట్టే ఉంది. కాంటా గది బయట నులక మంచం వేసి, దుప్పటి కప్పి కూర్చోబెట్టాను.

ఒక ఇసుక లారీ వచ్చింది. వెనక నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. టైర్లు పొట్టలు వేసుకుని ఉన్నాయి. డ్రైవరు నాకు తెలిసినవాడే. "ఏం తమ్మీ, వాగును గూడ ఎక్కించుకొచ్చినవా?" అన్నాను. వాడు పళ్ళు బయటపెట్టాడు. నేను బటను నొక్కి, చీటీ చింపి చేతిలో పెట్టాను. వాడు దండం పెట్టి పోయాడు. ప్లేటు మీద నీళ్ళు మడుగు కట్టాయి. నవ్వించిన ఊపులో నా భార్య వైపు తిరిగి, చూసినవా, ఎట్లున్నరో మనుషులు అన్నాను.

నెత్తి మీదుగా విమానం దిగుతోంది. చప్పుడు పోయేదాకా ఆమె ఆగింది. తర్వాత నా కళ్ళలోకి చూసి అంది.

"లారీ నిండ నీళ్లు తెస్తే నవ్వుకుంట చీటీ ఇస్తివి. నేను నడుముకు కట్టుకున్న మూడు కిలోలే కనవడ్డయా నీ కంటికి?"